ఒత్తిడిలో ఉన్నప్పుడు ‘ఇప్పుడే’ ఎందుకు గెలుస్తుంది? కొలిచేదెలా, ఆపేదెలా?

ప్రశ్న | అడిగింది: నిదానం

అందరికీ నమస్కారం. ప్రశాంతంగా ఉన్న రోజున “నెల ఆగుతాను, ఎక్కువ వస్తే చాలు” అనే మనిషే, పని నెత్తిన పడ్డ రోజున “ఎంతో కొంత ఇప్పుడే ఇచ్చేయండి” అంటాడు. ఇది డబ్బుతో ఆగదు. నిద్ర మానుకుని ఫోన్ చూడడం, వ్యాయామం రేపటికి నెట్టడం, సగం రాసిన రిపోర్టు పక్కన పెట్టి చిన్నాచితకా ఈమెయిళ్లకు జవాబులిస్తూ కూర్చోవడం, అన్నీ ఈ బాపతువే. రాబోయే లాభం దూరమైన కొద్దీ మన కంటికి చిన్నదైపోవడాన్ని డిలే డిస్కౌంటింగ్ అంటారని చదివాను. అక్కడితో ఆగిపోయాను.

మూడు సంగతులు కావాలి. ఒత్తిడి నిజంగానే ఈ ఎంపికను మారుస్తుందా, లేక అలసటకీ నిద్రలేమికీ మనం ఆ పేరు పెడుతున్నామా? కాగితం, పెన్నుతో ఎవరికి వాళ్లు దీన్ని కొలుచుకోవచ్చా? “మనసు గట్టి చేసుకో” అన్న మాట కాకుండా నిజంగా పనిచేసే పద్ధతులేమిటి, అవి ఎక్కడ బెడిసికొడతాయి?

---

జవాబు 1 | లెక్కలగూడు

కొలవడం గురించి నేను చెబుతాను. మిగతావి తెలిసినవాళ్లు అందుకోండి.

ఎక్కువమంది వాడే సూత్రం 1987లో మనస్తత్వవేత్త జేమ్స్ మేజుర్ ఇచ్చినది:

ఇప్పటి విలువ = మొత్తం ÷ (1 + కె × ఆగాల్సిన రోజులు)

ఈ ‘కె’ మనిషి తొందర. కె ఎంత పెద్దదైతే, ఆగి తీసుకునేదాని విలువ అంత వేగంగా కరిగిపోతుంది. ఒక్క ఉదాహరణ చేసి చూస్తే విషయం పట్టుబడుతుంది. ఈరోజు 60, లేదా 20 రోజుల తర్వాత 100. కె 0.02 ఉన్నవాడికి ఆ వంద ఈరోజు సుమారు 71లా కనిపిస్తుంది, కాబట్టి ఆగుతాడు. కె 0.05కు పెరిగిందనుకోండి, అదే వంద సరిగ్గా 50 అవుతుంది. చేతికందే 60 వదిలిపెట్టడు. ఇప్పుడు ఆ రెండో మనిషికే రెండు బహుమతులనూ 40 రోజులు వెనక్కి జరిపి చూపించండి. 40 రోజుల తర్వాతి 60 విలువ 20, 60 రోజుల తర్వాతి 100 విలువ 25. ఈసారి ఆగడానికే ఓటు. మనిషి మారలేదు, కె మారలేదు, దూరం మాత్రమే మారింది. నెలాఖరు నుంచి పొదుపు మొదలుపెడతానని మాటిచ్చినవాడు నెలాఖరున మాట తప్పడానికి కారణం ఇదే. ఇచ్చినప్పుడు ఆ మాట అబద్ధం కాదు.

పరిశోధకులు వాడే ప్రశ్నావళిలో ప్రామాణికమైనది 1999లో కర్బీ, పెట్రీ, బికెల్ వాడిన 27 ప్రశ్నలది. చిన్న, మధ్య, పెద్ద మొత్తాలకు తలా తొమ్మిది ప్రశ్నలుంటాయి. రోజూ కొలుచుకోవడానికి అంత అక్కర్లేదు, ఆరు చాలు. ఆగితే వచ్చేది ఎప్పుడూ 100, ఆగాల్సింది ఎప్పుడూ 30 రోజులు. ఇప్పుడు వచ్చేది మాత్రం మారుతుంది. పక్కనున్నది, ఆ చోట రెండూ సమానంగా అనిపించేవాడి కె:

వరుస 1: ఇప్పుడు 94 (కె 0.002)
వరుస 2: ఇప్పుడు 87 (కె 0.005)
వరుస 3: ఇప్పుడు 77 (కె 0.01)
వరుస 4: ఇప్పుడు 62 (కె 0.02)
వరుస 5: ఇప్పుడు 40 (కె 0.05)
వరుస 6: ఇప్పుడు 25 (కె 0.1)

ఆరింటినీ ఆరు చీటీల మీద రాసి, కలిపి, ఒక్కోటి తీసి జవాబు రాయండి. చీటీ మీద కె రాయకండి. తర్వాత వరుసలో పేర్చండి. 77 దాకా “ఇప్పుడే” అని, 62 దగ్గర “ఆగుతా” అంటే కె 0.01కీ 0.02కీ మధ్య ఉన్నట్టు. మధ్య సంఖ్య కావాలంటే రెండూ గుణించి వర్గమూలం తీయండి, 0.014 వస్తుంది. మామూలు సగటు తీస్తే పెద్ద కె ఉన్న ఒక్క రోజు మొత్తం లెక్కను లాగేస్తుంది. అంతకన్నా సులువు ఇంకోటుంది: “ఇప్పుడే” అన్న చివరి వరుస సంఖ్య రాసుకోండి. ఒక్కో మెట్టుకూ కె రెండు నుంచి రెండున్నర రెట్లు పెరిగేలా పేర్చాను కాబట్టి ఆ వరుస సంఖ్యలను మామూలుగానే సగటు చేసుకోవచ్చు.

చీటీలు తీయక ముందే ఒత్తిడికి 0 నుంచి 10 లోపు అంకె వేసుకోండి. తర్వాత వేస్తే జవాబులను చూసి అంకె వేస్తారు. పక్కనే రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో కూడా రాయండి. ఒత్తిడా నిద్రలేమా అని అడిగారు కదా, విడదీసి చూడాలంటే ఈ రెండో అంకె తప్పదు. ప్రశాంతమైన రోజులు నాలుగైనా, ఒత్తిడి రోజులు నాలుగైనా ఉండాలి. రెండు రోజులు చూసి తీర్పు చెప్పకండి.

ఇక తప్పులు జరిగే చోట్లు. 62 ఇప్పుడే తీసుకుంటానన్నవాడు 87 దగ్గర ఆగుతానంటే ఆ రోజు మనసు పెట్టి చదవలేదన్నమాట, ఆ కాగితం పక్కన పెట్టేయండి. జవాబులు గుర్తుండిపోతున్నాయని అంకెలు మార్చాలనిపిస్తుంది. మార్చొచ్చు, కానీ 100ను 1,000 చేయకండి. మొత్తం పెద్దదైతే మనుషులు సహజంగానే ఎక్కువ ఓపిక పడతారు, అప్పుడు మీరు కొలిచేది ఒత్తిడిని కాదు, సున్నాలను. అన్నింటినీ 1.1తో గుణిస్తే చాలు. “30 రోజుల తర్వాత” అని ఒకసారి, తేదీ వేసి ఇంకోసారి అడగకండి. తేదీ చెబితే జనం ఎక్కువ ఆగుతారని 2005లోనే డేనియల్ రీడ్ బృందం చూపించింది. ఏదో ఒకదాని మీదే ఉండండి.

---

జవాబు 2 | నాడీతరంగం

మీ మొదటి ప్రశ్నకు సూటి జవాబు: మారుస్తుంది, కానీ అందరిలోనూ ఒకేలా కాదు, అన్ని వేళలా కాదు. ల్యాబులో అప్పటికప్పుడు కలిగించిన ఒత్తిడితో చేసిన ప్రయోగాలు ఒక్క మాట మీద లేవు. కొన్నింటిలో తొందర పెరిగింది, కొన్నింటిలో కదల్లేదు. “కార్టిసాల్ (ఒత్తిడి హార్మోను) పెరిగితే కక్కుర్తి పెరుగుతుంది” అని ఒక్క వాక్యంలో తేల్చేసే వీడియోలను నమ్మకండి.

తేడాలు రావడానికి ఒక పెద్ద కారణం టైమింగ్. ఒత్తిడి రెండు అలలుగా వస్తుంది. మొదటి అల అడ్రినలిన్, నోరడ్రినలిన్‌లది, సెకన్లలో లేస్తుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట దాని పనే. రెండోది కార్టిసాల్. మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి రక్తంలో అడ్రినల్ గ్రంథికి కబురు వెళ్లి అది తయారవ్వాలి కాబట్టి, ఒత్తిడి మొదలైన 20, 30 నిమిషాలకు గానీ రక్తంలో శిఖరానికి చేరదు. దిగడానికి గంటో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. మీటింగులో అవమానం జరిగిన రెండో నిమిషంలో తీసుకున్న నిర్ణయం, అరగంటకు తీసుకున్నది, నాలుగు గంటలకు తీసుకున్నది, ఈ మూడూ మూడు వేర్వేరు మెదళ్లు తీసుకున్నవే అనుకోండి. లెక్కలగూడు గారి చీటీలు కూడా రోజూ ఒకే వేళకు తీయాలి. నిద్ర లేచిన 30, 45 నిమిషాలకు కార్టిసాల్ సహజంగానే ఎగబాకుతుంది, ఆ వేళ వద్దు.

నుదురు వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ సంగతి కూడా చెప్పాలి. రాబోయేదాన్ని మనసులో పట్టి ఉంచేది ఆ భాగమే. నోరడ్రినలిన్, డోపమిన్ మరీ తక్కువైనా అది సరిగా పనిచేయదు, మరీ ఎక్కువైనా పనిచేయదు. ఏమీ ఒత్తిడి లేని మనిషి కన్నా కాస్త ఒత్తిడి ఉన్న మనిషి మెరుగ్గా పనిచేయడం ఇందువల్లే. అదుపు తప్పిన ఒత్తిడిలో ఈ రసాయనాలు పొంగి కార్టెక్స్ పట్టు సడలిస్తాయి. దీన్ని ఏళ్ల తరబడి తవ్వినది ఎమీ ఆర్న్‌స్టెన్ అనే నాడీ శాస్త్రవేత్త.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది, చాలామంది దాటేస్తారు. ఒత్తిడిలో చేసే ప్రతి తప్పుడు ఎంపికా తొందర కాదు. సగం అలవాటు. 2009లో ష్వాబే, వోల్ఫ్ చేసిన ప్రయోగం చూడండి. మనుషులను మంచునీళ్లలో చెయ్యి పెట్టించి, ఒకరు ఎదురుగా నిలబడి చూస్తూ, కెమెరా నడుస్తూ ఉండగా మూడు నిమిషాలు ఉంచారు. అది ఒత్తిడి. తర్వాత, ఫలానాది నొక్కితే ఫలానా తిండి వస్తుందని నేర్పారు. ఆపైన అందులో ఒక తిండిని మొహం మొత్తేదాకా తినిపించారు. ఒత్తిడి లేనివాళ్లు ఇక దాన్ని తెచ్చిపెట్టే ఎంపిక తగ్గించేశారు. ఒత్తిడికి గురైనవాళ్లు నొక్కుతూనే ఉన్నారు. ఆ తిండి వాళ్లకు అప్పుడు అక్కర్లేదు. చెయ్యి వెళ్లింది, అంతే.

కాబట్టి ముందు ఒక పరీక్ష చేయండి. ఒత్తిడిలో చేసిన ఆ పని చేస్తుండగా హాయిగా ఉందా? ఉంటే అది తొందర, విలువల లెక్క మార్చే పద్ధతులు పనికొస్తాయి. అరగంటగా ఫోన్ తోస్తున్నా ఏమీ ఎక్కట్లేదు, ఆనందమూ లేదు అంటే అది అలవాటు. దానికి భవిష్యత్తు లాభాలు ఎన్ని గుర్తు చేసినా దండగ. ఆ పనికి ట్రిగ్గర్ ఏదో పట్టుకుని దాన్ని కళ్ల ముందు నుంచి తీసేయాలి. ఫోనే అయితే వేరే గదిలో పెట్టాలి, బోర్లా తిప్పి పక్కనే పెట్టుకోవడం చాలదు.

---

జవాబు 3 | గట్టుమీద

పై ఇద్దరూ బాగా చెప్పారు. ఒక్క అభ్యంతరం. ‘ఇప్పుడే’ అన్న ప్రతివాడినీ ఓపిక లేనివాడని రాసేయకండి.

పిల్లల ముందు మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి పెట్టి, ఆగితే రెండోది ఇస్తామన్న మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ ప్రయోగం అందరికీ తెలుసు. 2013లో కిడ్, పాల్మెరి, ఆస్లిన్ దానికి ముందు ఒక చిన్న అంకం చేర్చారు. బొమ్మ వేయడానికి పిల్లలకు వాడేసిన రంగులు ఇచ్చి, “ఆగు, మంచివి తెస్తా” అన్నారు. సగం మందికి నిజంగానే తెచ్చారు. మిగతా సగం మందికి కాసేపయ్యాక ఖాళీ చేతులతో వచ్చి, లేవని చెప్పారు. స్టిక్కర్లతో మళ్లీ అదే తంతు. ఆ తర్వాతే మార్ష్‌మాలో. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవాళ్లు 3 నిమిషాలు. మొత్తం 28 మంది పిల్లలే, చిన్న ప్రయోగమే. కానీ అంత తేడాను ‘నిగ్రహం’ అనే ఒక్క గుణం ఖాతాలో వేయలేం. మళ్లీ మోసపోతానేమో అనుకున్న బిడ్డ లెక్క తప్పు కాదు.

2018లో వాట్స్, డంకన్, క్వాన్ 900 మందికి పైగా పిల్లలతో చూస్తే, చిన్నప్పుడు ఆగడానికీ పదిహేనేళ్ల వయసు చదువుకీ మధ్య సంబంధం మొదటి అధ్యయనాల్లో కనబడినదాంట్లో సగమే తేలింది. ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకున్నాక అదీ మూడింట రెండొంతులు తగ్గిపోయింది.

అందుకని చీటీల కాగితం మీద ఇంకో గడి కలపండి: “ఆ 100 నిజంగా వస్తుందని నూటికి ఎన్ని పాళ్లు నమ్మకం?” ఒత్తిడి రోజున ఈ అంకె పడిపోయి, వరుస సంఖ్య పెరిగిందంటే జబ్బు నమ్మకంలో ఉంది. అప్పుడు సరిచేయాల్సింది మనిషిని కాదు, ఆ మాట ఇచ్చినవాడిని. రాతపూర్వకంగా తేదీ తీసుకోండి, సగం ముందు అడగండి. ఉద్యోగం ఊగిసలాడుతున్నప్పుడూ, వడ్డీ పెరిగే అప్పు మెడ మీద ఉన్నప్పుడూ చేతికొచ్చింది తీసుకుని అప్పు తీర్చేయడమే తెలివైన పని.

---

జవాబు 4 | చిన్నఅడుగు

పద్ధతుల గురించి. పనిచేసేవాటిలో దాదాపు అన్నింటికీ మూలం ఒకటే: నిర్ణయం తీసుకునే వేళనూ, దాన్ని అమలు చేయాల్సిన వేళనూ విడదీయడం. ఇది పావురాలు కూడా చేయగలవు. 1972లో రాక్లిన్, గ్రీన్ పెట్టిన పరీక్షలో పావురానికి ఇప్పుడే 2 సెకన్లు గింజలు, లేదా 4 సెకన్లు ఆగితే 4 సెకన్లు గింజలు. ఎదురుగా పెడితే చిన్నదే తీసుకుంది. కానీ కాసేపటి ముందే, చిన్నది అసలు కనబడకుండా చేసే మీట ఒకటి ఇచ్చి, ఆ ‘ముందు’ను ఇంకాస్త ముందుకు జరిపిన కొద్దీ పావురాలు ఆ మీటనే నొక్కడం మొదలుపెట్టాయి. నిగ్రహం పెరగలేదు. ఎంపిక చేసే చోటు మారింది.

నిర్ణయాన్ని 40 నిమిషాలు జరపడంతో మొదలుపెట్టండి. “వద్దు” అనుకోకండి, “3 గంటలకు తేలుస్తాను” అని గడియారం టైము రాయండి. నాడీతరంగం గారు చెప్పిన కార్టిసాల్ శిఖరం ఆలోపు దాటిపోతుంది. ఆ 40 నిమిషాల్లో మొదటి ఐదు నెమ్మదిగా ఊపిరి: 5 సెకన్లు లోపలికి, 5 సెకన్లు బయటికి, నిమిషానికి ఆరు. తల తిరిగినట్టుంటే మరీ లోతుగా పీలుస్తున్నారని, లోతు తగ్గించండి, వేగం అదే ఉంచండి. ఈ పద్ధతి బెడిసికొట్టేది, ఆ 40 నిమిషాలూ ఆ వస్తువును ఎదురుగా పెట్టుకుని కూర్చున్నప్పుడు.

తర్వాత, ప్రశ్నను తిరగరాయండి. “ఇప్పుడు 60, లేదా 20 రోజులకు 100” అని ఉన్నదాన్ని “ఇప్పుడు 60, 20 రోజులకు సున్నా; లేదా ఇప్పుడు సున్నా, 20 రోజులకు 100” అని రాయండి. కొత్త సమాచారం ఒక్క ముక్క లేదు, అయినా జనం ఎక్కువ ఆగుతారని 2008లో మేగన్, డ్వెక్, గ్రాస్ చూపించారు. రాత్రి ఫోన్‌కి ఇలా: “ఇప్పుడు ఒక గంట వీడియోలు, ఉదయం ఆరింటికి సున్నా ఓపిక.” ఆ సున్నా రాయాలి, తలుచుకుంటే చాలదు.

మూడోది, రాబోయేదాన్ని కళ్లకు కట్టించుకోవడం. “ఆరోగ్యం బాగుంటుంది” పనికిరాదు. వారం, నెల, మూడు నెలల దూరంలో జరగబోయే మూడు నిజమైన సందర్భాలు ఎంచి, ఒక్కోదానికి ఒక కార్డు మీద మూడు నాలుగు వాక్యాలు రాయండి: ఎక్కడ, పక్కన ఎవరు, ఏం కనబడుతోంది, ఏం వినబడుతోంది. నిర్ణయానికి ముందు అర నిమిషం చదవండి. ఇలా చేస్తే ఆగే ఎంపికలు పెరుగుతాయని 2010లో పీటర్స్, బ్యూషెల్ మొదలుకొని చాలామంది చూశారు. ఇందులో పెద్ద పొరపాటు, కార్డును ఒత్తిడిలో ఉన్నప్పుడు రాయడం. ఆ వేళ ఊహకు భయాలే అందుతాయి, రేపటి గురించిన దిగులు పెరిగి ‘ఇప్పుడే’ ఇంకా తియ్యగా అవుతుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు రాసి దాచుకోండి.

డబ్బు అయితే, ముందే కట్టేసుకోండి. థేలర్, బెనార్ట్జీ 2004లో ప్రచురించిన పథకంలో ఉద్యోగులు ఇప్పుడు ఏమీ ఇవ్వక్కర్లేదు, జీతం పెరిగినప్పుడల్లా పొదుపు వాటా పెరగడానికి ముందే ఒప్పుకుంటారు. 40 నెలల్లో పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. ఎప్పుడైనా తప్పుకునే వీలు ఉంది కూడా. ఆ వీలు ముఖ్యం. బయటికి దారే లేని కట్టుబాటు పెట్టుకుంటే, నిజంగా అవసరం పడ్డ రోజున మొత్తం కట్టడమే కూలగొట్టేస్తారు. దారి ఉంచండి, కానీ దానికి 24 గంటల ఆలస్యం పెట్టండి.

---

తిరుగు ప్రశ్న | నిదానం

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఒక ప్రణాళిక ఇలా రాశాను, సరిచూడండి: “ఒత్తిడి వస్తే ఫోన్ ముట్టుకోను. తీపి తినను. పని వాయిదా వేయను.” ఇది చాలా?

---

జవాబు 5 | చిన్నఅడుగు

చాలదండి. మూడు లోపాలున్నాయి.

“ఒత్తిడి వస్తే” అన్నది ఎప్పుడో మెదడుకు తెలియదు. కంటికో చెవికో తగిలే గుర్తు కావాలి. “మేనేజర్ కాల్ పెట్టేసి హెడ్‌సెట్ తీయగానే” అంటే అది గుర్తు. “ముట్టుకోను” అన్న మాటలో మిగిలేది ఫోనే. కాదనే ప్రణాళికలు తరచూ ఎదురు తిరుగుతాయి, చేయాల్సిన పని పేరు ఉండాలి. ఇక మూడూ ఒకేసారి పెట్టుకుంటే ఏ ఒక్కదానికీ పట్టు ఉండదు. ఒకటి పెట్టుకోండి, రెండు మూడు వారాలు నడవనివ్వండి.

ఇలా రాయండి: “కాల్ ముగిసి హెడ్‌సెట్ బల్ల మీద పెట్టగానే, లేచి వంటగదికి వెళ్లి ఒక గ్లాసు నీళ్లు తాగుతూ 30 ఊపిర్లు లెక్కపెడతాను.” గట్టిగా మూడుసార్లు చదివి, హెడ్‌సెట్ ఒకసారి నిజంగా తీసి పెట్టి, నడిచి చూడండి. ఆ ఒక్క రిహార్సల్‌లోనే గ్లాసు ఎక్కడుంది, దారిలో ఫోన్ చార్జర్ ఉందా అన్నవి బయటపడతాయి.

---

జవాబు 6 | నాడీతరంగం

ఒకటి చేరుస్తాను. ఈ ప్రణాళిక మంచి రోజున పది సార్లు చేసి ఉంటేనే చెడ్డ రోజున దానంతటదే నడుస్తుంది. ఒత్తిడిలో మెదడు అలవాటు వైపు జారుతుందన్నాం కదా, ఆ జారుడునే వాడుకోవడమిది. ముందు మామూలు కాల్స్‌తో మొదలుపెట్టండి.

ఇంకో మాట. వారాల తరబడి ఒత్తిడి అంకె 7 కన్నా కిందికి దిగకుండా, నిద్ర చెడి, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే చీటీలతో, కార్డులతో సర్దుకోవాలని చూడకండి. డాక్టర్‌ని కలవండి, ఆ అంకెలు రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి, ఎన్ని గంటల నిద్రతో అని వాళ్లు అడిగే మొదటి ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంటుంది.